కొత్త సీజన్ క్లాసులు: టర్బోకి 1.7 లెక్క, 48 సీసీ కోసం నన్ను ఓపెన్‌లోకి తోశారు

పోలో_పుత్తూరు
అందరికీ నమస్కారం. మన ఆటోక్రాస్ క్లబ్బు (మట్టి ట్రాక్ మీద కోన్ల మధ్య తిరిగి టైము కొట్టే పోటీ) కొత్త సీజన్ రూల్స్ నిన్న రాత్రి వాట్సాప్‌లో వచ్చాయి. గ్రూపులో లేనివాళ్ళ కోసం ముఖ్యమైనవి ఇక్కడ పెడుతున్నా.

పోయిన సీజన్ దాకా ఇంజన్ సీసీని బట్టే క్లాసు. 1100 వరకు ఒకటి, 1400 వరకు ఒకటి, 1650 వరకు ఒకటి, ఆ పైన ఓపెన్. లేడీస్ వేరే. హద్దులు ఇప్పుడూ అవే. కానీ టర్బో పెట్రోల్ బండి సీసీని 1.7తో, టర్బో డీజిల్‌ని 1.5తో గుణించి, వచ్చిన అంకెను బట్టి క్లాసు ఇస్తారంట. ర్యాలీ టైర్లు ఓపెన్‌లో తప్ప ఎక్కడా వాడకూడదు. మొదటి రౌండ్ సంక్రాంతి వెళ్ళిన తర్వాతి ఆదివారం.

నాది పోలో 1.0 టీఎస్ఐ, 999 సీసీ. గుణిస్తే 1698. అంటే 1650 కంటే 48 సీసీ ఎక్కువ, నేరుగా ఓపెన్. అక్కడ ర్యాలీ టైర్లతో ఎవరు దిగుతారో మీకు తెలుసు. ఇంజన్ మార్చిన ఎస్టీమ్‌లు, సీట్లు పీకేసి రోల్ కేజ్ (తిరగబడితే కాపాడే ఇనప చట్రం) బిగించిన 1.6 బలెనోలు, జిప్సీలు. నా బండి వెనక సీట్లో మా పాప కూర్చునే చిన్న సీటు ఇంకా కట్టే ఉంది. ఆదివారం పొద్దున అది విప్పి ట్రాక్‌కి వచ్చేవాణ్ణి, సాయంత్రం మళ్ళీ కట్టేవాణ్ణి. నన్ను తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పడేస్తే ఎట్లా?

జెన్‌బాబాయ్
ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది. ఇంతకంటే చెప్పేదేం లేదు, అయినా చెబుతా.

నా జెన్ 993 సీసీ, 60 హార్స్‌పవర్, అదీ కొత్తగా ఉన్నప్పటి లెక్క. నీ పోలో 999 సీసీ, 110. పోయిన సీజనంతా ఇద్దరం 1100 క్లాసులోనే. నువ్వు కోన్ తిరిగి రెండో గేర్లోనే దూసుకుపోతుంటే, నేను మొదటి గేరా రెండో గేరా అని ఆలోచించుకుంటా ఉన్నా. అప్పుడు నీకు సీసీ లెక్క భలే నచ్చింది కదప్పా? ఒక్క పోస్టైనా పెట్టావా?

పోలో_పుత్తూరు
బాబాయ్, 1100లో నన్ను ఉంచమని నేను అడగలేదు. పైకి పంపండి, కాదనను. హోండా సిటీ ఉన్న 1650 క్లాసుకి పంపితే గొడవే లేదు. మధ్యలో రెండు క్లాసులు దాటించి ఓపెన్‌లో వేశారు, అదీ 48 సీసీ కోసం.

డీజిల్ దొర
నీ బాధ బాధే కాదన్నా, నాది విను. స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ. 1.5తో గుణిస్తే 1872. నేనూ ఓపెనే. నా బండి పవర్ ఎంతో తెలుసా? 75. అవును, డెబ్బై ఐదు. ముందు ఇనప గుండు పెట్టుకున్నట్టు ఇంజన్ బరువు వేరే.

ఇంకోపక్క మన మదనపల్లె మామ సిటీ 1497 సీసీ, టర్బో లేదు, 118 పవర్. దర్జాగా 1650లో. 75 ఉన్నోడు ఓపెన్‌లో, 118 ఉన్నోడు కింద క్లాసులో. ఈ లెక్క వేసినోళ్ళు ఏ బళ్ళో చదివారో చెప్పండి, మా పిల్లల్ని అక్కడ చేర్పించను.

సిటీ_మదనపల్లె
నన్నెందుకు లాగుతారు మామా? నేను రూలు రాయలేదు, రాయించలేదు. ఇంటి నుంచి వస్తా, తిరుగుతా, కప్పు పట్టుకుని పోతా.

డీజిల్ దొర
ఆ చివరి మాటకే మండేది.

కరకంబాడి షెడ్డు
ఆ 1.7 మనవాళ్ళు ఊహించి పెట్టింది కాదు. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఐఏ వాడే అంకె. పెట్రోల్ టర్బోకి 1.7, డీజిల్‌కి 1.5. టర్బో గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది, ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోల్ కాలుతుంది, కాబట్టి చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్ పని చేస్తుంది. అదే దాని వెనక ఉన్న ఆలోచన.

ముందు ఆ అంకె 1.4 ఉండేది. 1980లలో గ్రూప్ బి అనే ర్యాలీ కార్ల క్లాసు ఉన్న రోజుల్లో ప్యూజో 205 టీ16 ఇంజన్ 1775 సీసీ. 1.4తో గుణించి చూడండి, 2485. క్లాసు హద్దు 2500. లాన్సియా డెల్టా ఎస్4 1759 సీసీ, గుణిస్తే 2462. అంటే వాళ్ళు హద్దు ముందు పెట్టుకుని ఇంజన్ గీశారు. హద్దును బట్టి ఇంజన్ చేసుకునేంత డబ్బు కంపెనీలకుంటుంది. మన దగ్గర షోరూంలో ఏది దొరికితే అది కొంటాం, దాని మీద హద్దు పడుతుంది. పుత్తూరు తమ్ముడికి జరిగింది అదే.

ఇంకో సంగతి. ఆ అంకె పెట్టింది గట్టిగా బూస్ట్ ఎక్కించే రేసు ఇంజన్లని మనసులో పెట్టుకుని. ఇంటి బండి టర్బో అంత ఒత్తదు. ఫ్రాంక్స్ టర్బో 998 సీసీ, 100 పవర్. ఐ20 ఎన్ లైన్ కూడా 998 సీసీయే, కానీ 120. 1.7తో రెండూ 1697 దగ్గరే తేలతాయి. టర్బో లేని బండ్లలోనూ అంతే. 2021 స్విఫ్ట్ 1197 సీసీ, 90 పవర్. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ అదే 1197 సీసీ, 82. కాబట్టి సీసీ అనేది ఒక అందాజు మాత్రమే. దాన్ని ఇంకో అందాజుతో గుణించారు.

జెన్‌బాబాయ్
మరి దేన్ని బట్టి పెట్టాలి అంటావు? పవర్‌ని బట్టి పెడదామంటే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కించాలి. మన చుట్టుపక్కల ఆదివారం పొద్దున బండ్లన్నిటినీ డైనో ఎక్కించేవాడు ఎవడున్నాడు?

డాలస్‌లో_తిరుపతోడు
ఈ పోస్టు చూసి నవ్వొచ్చింది, ఇక్కడా ఇదే గొడవ. నేను టెక్సస్‌లో మాజ్డా మియాటాతో దిగుతాను. ఇక్కడ పోటీలు నడిపే క్లబ్బు ఎస్‌సీసీఏ వాళ్ళు సీసీ లెక్కే చూడరు. మోడల్ పేరుతో జాబితా ఉంటుంది, ఫలానా బండి ఫలానా క్లాసు అని. దాని పైన ఎంత మార్చావు అనేదాన్ని బట్టి మెట్లు. స్ట్రీట్ అంటే దాదాపు షోరూం బండి. షాక్ అబ్సార్బర్లు మార్చుకోవచ్చు, ముందుదో వెనకదో ఒక యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగడం తగ్గించే కడ్డీ) మార్చుకోవచ్చు, చక్రం సైజు ఒక అంగుళం అటూ ఇటూ. ఇంకాస్త మారిస్తే స్ట్రీట్ టూరింగ్, ఆపైన స్ట్రీట్ ప్రిపేర్డ్, అట్లా పైకి. పోలో అన్న సీట్లు పీకలేదు కాబట్టి ఇక్కడైతే ఓపెన్‌కి పోయే ప్రసక్తే లేదు.

నచ్చిన ఇంకో సంగతి, మార్పుని ముందు ప్రతిపాదనగా నెలవారీ బులెటిన్‌లో వేస్తారు. సభ్యులు ఉత్తరాలు రాస్తారు. బోర్డు ఒప్పుకుంటే మామూలుగా జనవరి 1 నుంచి అమలు. అయినా తిట్లు తప్పవు. నేషనల్స్ నెబ్రాస్కాలోని లింకన్‌లో జరుగుతాయి. తాను ఏడాదంతా తయారు చేసుకున్న బండి పై క్లాసుకి పోతుందని తెలిసినవాడి మొహం ఇక్కడైనా అక్కడైనా ఒకేలా ఉంటుంది.

జెన్‌బాబాయ్
తమ్ముడూ, మీ దగ్గర అన్ని క్లాసులకీ జనం ఉంటారు. మనకి మొత్తం వచ్చేదే ఇరవై పైచిలుకు బండ్లు. మీలాగా క్లాసులు చేస్తే ఒక్కో దాంట్లో ఒక్కడే దిగి ఒక్కడే గెలుస్తాడు. ఇంటికెళ్ళి ఆవిడకి కప్పు చూపించి, పోటీలో ఎవరున్నారు అంటే ఏం చెప్పాలి?

డాలస్‌లో_తిరుపతోడు
దానికీ ఒక పద్ధతి ఉంది బాబాయ్. ఒక్కో క్లాసుకి ఒక గుణకం ఇస్తారు. నీ టైముని దాంతో గుణిస్తే వేరే క్లాసు వాడితో పోల్చుకోవచ్చు. జెన్‌కి ఒకటి, ఎస్టీమ్‌కి ఒకటి. అందరూ ఒకే జాబితాలో.

డీజిల్ దొర
మళ్ళీ గుణకారమే! నన్ను ఓపెన్‌లో వేసింది గుణకారమే కదన్నా.

కొత్తగా_చిత్తూరు
అన్నలకు నమస్కారం. నేను ఇంతవరకు దిగలేదు. నా దగ్గర మామూలు వ్యాగన్ఆర్ ఉంది, 1.0 పెట్రోల్. ఏమీ మార్చలేదు. రావచ్చా? ఏ క్లాసు? హెల్మెట్ బైకుది సరిపోతుందా?

కరకంబాడి షెడ్డు
998 సీసీ, టర్బో లేదు. 1100 క్లాసు, బాబాయ్ క్లాసే. రా తమ్ముడూ. అది ఎత్తు బండి, తిరగబడే ప్రమాదం ఉన్న ఎత్తు బండ్లని అమెరికాలో ఎస్‌సీసీఏ వాళ్ళు రానివ్వరు. మన మట్టిలో మధ్యాహ్నానికి చక్రాల గాడులు పడతాయి. పక్కకి జారుతున్నప్పుడు చక్రం ఆ గాడిలో పడిందంటే ఎత్తు బండి ఒరిగిపోతుంది. మొదటిసారి టైము చూసుకోకు, ట్రాక్ నేర్చుకో. కోన్ల వైపు చూడకు, తర్వాత పోవాల్సిన చోటు చూడు. హెల్మెట్ ఐఎస్ఐ మార్కు ఉన్న నిండు హెల్మెట్ అయితే మన క్లబ్బులో ఒప్పుకుంటున్నారు.

పోలో_పుత్తూరు
అందరూ క్లాసు గురించే మాట్లాడుతున్నారు. నాకు దానికంటే పెద్ద టెన్షన్ ఇంకోటి ఉంది, అది రూల్స్ కాగితంలో కనిపించదు.

మన దగ్గర చిన్న క్లాసు ముందు, ఓపెన్ చివర్న. పొద్దున ఏడింటికి 1100, ఎండెక్కాక 1400, 1650, భోజనం వేళకి ఓపెన్. ఎర్రమట్టి ట్రాక్. మొదట దిగినవాళ్ళకి పైన వదులు కంకర ఉంటుంది, కాస్త జారుతుంది. వాళ్ళు తిరిగి తిరిగి ఆ కంకర పక్కకి పోతుంది, కింద గట్టి నేల తేలుతుంది. 1400 వాళ్ళకి అదే మంచి సమయం. 1650 వచ్చేసరికి మలుపుల్లో గాడులు మొదలు. ఓపెన్ వచ్చేసరికి మోకాలి లోతు కాకపోయినా, నా బండి కింద తగిలేంత లోతు ఖాయం. ఎస్టీమ్‌లు, జిప్సీలు అయితే ఎత్తు పెంచుకుని, కింద సంప్ గార్డు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టికి అడ్డు రేకు) బిగించుకుని వస్తాయి. వాటికి లెక్కలేదు. షోరూం ఎత్తుతో వచ్చే నాకు బంపర్ ఊడుతుంది, ఆయిల్ సంప్ పగిలితే ఆ రోజు టో చేసుకుని పుత్తూరు పోవాలి. పగిలింది పోలో సంప్ అయితే ఇంకా కష్టం. 2022లో ఇండియాలో ఆ బండి ఆపేశారు, సామాను కోసం ఎన్ని రోజులు ఎదురు చూడాలో.

ఓడిపోతానని కాదు. నేను గెలుస్తానని వచ్చేదెప్పుడు? సోమవారం అదే బండిలో ఆఫీసుకి పోవాలి.

జెన్‌బాబాయ్
ఇది మాత్రం నిజం. ఇది నేను ఆలోచించలేదు.

ఏపీ03_ఆల్టో
అన్నలు ఇంతసేపు లెక్కలు వేశారు, లేడీస్ క్లాసు గురించి ఒక్కరైనా అడిగారా? మా దాంట్లో సీసీ లేదు, టర్బో లేదు, గుణకారం లేదు. నా ఆల్టో కే10, తిరుచానూరు అక్క ఐ20 టర్బో, ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న జిప్సీ, అందరం ఒకే క్లాసు. ఎన్ని సీజన్ల నుంచి ఇదే. 60 పవర్‌తో 110 మీద దిగడం అన్యాయమని బాబాయ్ సీజనంతా బాధపడ్డారు కదా. మేము దాని గురించి పోస్టు కూడా పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది.

ఒక మాట నేరుగా చెబుతా. నాకు లేడీస్ క్లాసే వద్దు. 1100లో దిగుతా, జెన్‌తో. ఎంట్రీ ఫారంలో ఆ గడి ఇవ్వండి చాలు.

జెన్‌బాబాయ్
రా అమ్మా. నాకూ భయమే, చెబుతున్నా ముందే.

సిటీ_మదనపల్లె
టైర్ల రూలు ఎవరూ పట్టించుకోలేదు. నాకు దాంతోనే పని. రోడ్డు టైరు అంటే ఏది? డాలస్ తమ్ముడి దగ్గర ట్రెడ్‌వేర్ 200 అని ఒక అంకె ఉంటుంది, దాని కంటే తక్కువ ఉంటే స్ట్రీట్‌లో ఒప్పుకోరు. మనకేముంది?

డాలస్‌లో_తిరుపతోడు
అవును, టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే రబ్బరు అంత మెత్తన, అంత పట్టు. ఇక్కడ తారు మీదో కాంక్రీటు మీదో పరుగులు కాబట్టి దానికి అర్థం ఉంది. లింకన్‌లో అయితే అంతా కాంక్రీటే.

కరకంబాడి షెడ్డు
మట్టిలో రబ్బరు మెత్తదనం కంటే గళ్ళ లోతు ముఖ్యం. మన రూల్లో రాయాల్సింది అది. ఆ మెత్తని 200 టైర్లు మన దగ్గర తేలిగ్గా దొరకవు కూడా. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని అనుమతి ఉంటే తప్ప తేకూడని జాబితాలో పెట్టారు, అప్పటి నుంచి బయటి టైర్లు అడిగితే షాపులో తల అడ్డంగా ఊపుతున్నారు.

సిటీ మామా, నువ్వడిగిందానికి జవాబు: ఆ టైరుతో నువ్వు మదనపల్లె నుంచి తిరుపతికి భాకరాపేట ఘాట్ మీదుగా తోలుకుంటూ రాగలిగితే అది రోడ్డు టైరు. ట్రైలర్ మీద తెస్తే అనుమానం.

సిటీ_మదనపల్లె
తోలుకుంటూనే వస్తా. ఘాట్లో బస్సు వెనక పడితే గంట పడుతుంది, అంతే.

డీజిల్ దొర
షెడ్డు అన్నా, ఒక సందేహం. రేపు ఎవడో ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి పవర్ పెంచడం) చేయించుకుని వస్తాడు, బయటికి బోల్టు కూడా మారదు. స్క్రూటినీలో (పోటీకి ముందు బండి తనిఖీలో) ఎట్లా పట్టుకుంటారు?

కరకంబాడి షెడ్డు
కంటితో చూసి పట్టుకోలేరు. అందుకే పెద్ద పోటీల్లో ఫిర్యాదు డిపాజిట్ ఉంటుంది. ఎవడిమీద అనుమానమో వాడి మీద డబ్బు కట్టి ఫిర్యాదు చేస్తావు. ఇంజన్‌కి సీలు వేస్తారు, తర్వాత విప్పి చూస్తారు. నిజమైతే నీ డబ్బు నీకు, అబద్ధమైతే పోతుంది. మన క్లబ్బులో తిట్టుకోవడం ఉచితం, అందుకే ఎక్కువగా తిట్టుకుంటాం.

అసలు టర్బోకి మూడు నాలుగు రకాల పవర్ ఉన్నప్పుడు నాకు నచ్చే పద్ధతి ఇది. షోరూం బండికి ఒక గీత, మార్చిన బండికి ఒక గీత. రెండే. ఆ లోపల సీసీ పెట్టుకోండి. మార్చని పోలోని మార్చిన ఎస్టీమ్ పక్కన పెట్టడమే ఇక్కడ తప్పు, 1.7 కాదు.

స్టాప్‌వాచ్
టైమింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాణ్ణి, కమిటీలో ఒకణ్ణి కూడా. పొద్దున్నుంచి అన్నీ చదివాను. కమిటీ తరఫున కాదు, నా తరఫున కొన్ని మాటలు.

1.7 ఎందుకు తెచ్చామంటే పోయిన సీజన్ చివరికి 1100లో పాత జెన్‌లు, ఆల్టోలు రావడం మానేశాయి. టర్బోలు మాత్రమే మిగిలాయి. పాతవాళ్ళు రాకపోతే కొత్త కుర్రాళ్ళు ఏ బండితో మొదలు పెడతారు? జెన్‌తోనో ఆల్టోతోనో కదా. అందుకని టర్బోల్ని 1100లోంచి తీసేశాం. అది మారదు.

48 సీసీ సంగతి మేము చూడలేదు అనుకోకండి. ఎవరో 1700కి పెంచుదాం అన్నారు, ఇంకెవరో అప్పుడు సిటీలకి అన్యాయం అన్నారు, రాత్రి పదకొండు దాటింది, పాత హద్దే ఉంచేశాం.

రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి కాబట్టి మొదటి రౌండ్‌కి హద్దు మార్చలేం. మార్చితే ఈసారి సిటీ మామ పోస్టు పెడతాడు. కానీ వరుస మార్చగలం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓపెన్‌లో ఏమీ మార్చని బండ్లని వేరుగా 1100 వెనకే దింపుతాం. టైములు ఓపెన్ జాబితాలోనే ఉంటాయి. భోజనానికి ముందు గాడులు ట్రాక్టరుతో పూడ్పిస్తాం, నీళ్ళ ట్యాంకరు ఒకటి ఎక్కువ చెప్పాం. ఆల్టో చెల్లెలికి ఫారంలో గడి పెట్టిస్తాను, ఆ మాట మాత్రం ఇప్పుడే ఇస్తున్నా.

డీజిల్ దొర గారి 1.5 మీద, షెడ్డు అన్న చెప్పిన రెండు గీతల మీద కాగితం రాసి పంపండి. రెండో రౌండ్ ముందు కూర్చుంటాం. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వద్దు, ఎవరూ వినరు.

జెన్‌బాబాయ్
వరుస మారితే పోలోకి నాకంటే మంచి ట్రాక్ దొరుకుతుంది కదా. నేను కంకర ఊడ్చి పెడితే వాడు దాని మీద నడుపుతాడు.

స్టాప్‌వాచ్
క్లాసు వేరు బాబాయ్! నీ పాయింట్లకీ అతని టైముకీ సంబంధం లేదు.

జెన్‌బాబాయ్
టైము పక్కపక్కనే బోర్డు మీద రాస్తారుగా. అది చాలదా నన్ను కాల్చుకు తినడానికి.

పోలో_పుత్తూరు
ట్యాంకరు, వరుస రెండూ జరిగితే వస్తాను. ఎంట్రీ ఇప్పుడే కట్టేశా. షెడ్డు అన్నా, పోలోకి సంప్ గార్డు మీ దగ్గర చేస్తారా, లేక చెన్నై పోవాలా? బరువు మరీ పెరగకుండా ఉంటే చాలు.

కరకంబాడి షెడ్డు
ఇక్కడే చేస్తా. బుధవారం రా, బండి రాత్రికి వదిలిపెట్టాలి. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వేస్తా, ఆయిల్ మార్చడానికి కింద రంధ్రం ఉంచుతా. కోన్లకి తగలకుండా నేనేం చేయలేను, అది నీ పని.

కొత్తగా_చిత్తూరు
నేనూ కట్టేశానన్నా. పొద్దున ఎన్నింటికి రావాలి? చిత్తూరు నుంచి గంటన్నర వేసుకుంటున్నా.

స్టాప్‌వాచ్
ఆరింటికి స్క్రూటినీ. లోపల వదులుగా ఏమీ ఉంచకు, నీళ్ళ సీసాలు, జాకీ, స్టెప్నీ, డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, అన్నీ తీసేసి రా.

డీజిల్ దొర
నేను మాత్రం ఈ రౌండ్ దిగను. 75 పవర్‌తో జిప్సీల వెనక నిలబడి ఫోటో దిగాలని లేదు. కాగితం రాస్తా, తెలుగులోనే రాస్తా, రెండు పేజీలు వస్తుంది. ఆదివారం మార్షల్‌గా వస్తా, మూడో మలుపులో కోన్లు నిలబెట్టే పని ఇవ్వండి. సిటీ మామ కోన్ కొట్టాడా లేదా అని నేను దగ్గరుండి చూస్తా.

సిటీ_మదనపల్లె
స్టాప్‌వాచ్ గారూ, మూడో మలుపులో వేరే మార్షల్‌ని పెట్టండి.

స్టాప్‌వాచ్
మూడో మలుపు డీజిల్ దొర గారికే ఇచ్చాం. పోయిన సీజన్ ఎక్కువ కోన్లు పడింది అక్కడే.